తప్పనిసరి కాని నమోదు: విదేశాల్లో స్థిరపడే ఫ్రెంచి పౌరులూ, వారి కాన్సులేటు రిజిస్టరూ

ఆరు నెలలకు మించి పరాయి దేశంలో ఉండబోయే ఫ్రెంచి పౌరుడు అక్కడి ఫ్రాన్సు కాన్సులేటులో పేరు నమోదు చేయించుకోవచ్చు. చేయించుకోకపోయినా అడిగేవారు లేరు. జరిమానా లేదు, తాఖీదు రాదు, పౌరసత్వానికి వెంటనే వచ్చే ముప్పూ లేదు. అయినా పిల్లల చదువుకు ఉపకార వేతనం అడిగిన రోజున, కష్టకాలంలో ఆర్థిక సాయం కోరిన రోజున, అల్లర్లో భూకంపమో వచ్చి కాన్సులేటు తన వాళ్లను లెక్కపెట్టుకునే రోజున, రెండు తరాల తర్వాత మనవడు తానూ ఫ్రెంచివాడినేనని నిరూపించుకోవలసిన రోజున ఈ ఐచ్ఛికమైన నమోదే మొదటి ప్రశ్నగా ముందుకు వస్తుంది. చట్టం బలవంతపెట్టని ఒక రిజిస్టరు మీద ఇన్ని హక్కులు ఆనుకుని ఉండటమే విదేశాల్లోని ఫ్రెంచి పౌరుల పరిపాలనా వ్యవహారాలలోని అసలు విశేషం.

ఈ వ్యవస్థ నిన్నమొన్నటిది కాదు. 14వ లూయీ కాలంలో 1681లో వెలువడిన నౌకా శాసనంలోనే పరదేశపు రేవుల్లోని ఫ్రెంచి కాన్సుళ్ల విధులకు ఒక అధ్యాయం ఉంది. విదేశాల్లో నివసించే ఫ్రెంచివారి పేర్లను కాన్సులేటు పుస్తకాల్లో ఎక్కించే పద్ధతికి 1833 నవంబరు 28 నాటి రాజశాసనం రూపమిచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్న నియమాలకు 2003 డిసెంబరు 31 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఆధారం. అంతకుముందు వాడుకలో ఉన్న ‘ఇమ్మాత్రిక్యులాసియోఁ’ (పట్టీలో పేరెక్కించడం) అనే బరువైన మాటను ఆ ఉత్తర్వు పక్కన పెట్టి, ‘ఫ్రాన్సు వెలుపల స్థిరపడిన ఫ్రెంచివారి రిజిస్టరు’ అనే తేలిక పేరు తెచ్చింది. ప్రస్తుతం ఈ రిజిస్టరులో దాదాపు 17 లక్షల పేర్లు ఉన్నాయి. నమోదు ఐచ్ఛికం కనుక విదేశాల్లో ఉన్న ఫ్రెంచివారి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువేనన్నది అందరూ ఒప్పుకునే మాట.

నమోదు విధానం చూడటానికి సులభమే. 2016 జూన్ నుంచి ఫ్రెంచి ప్రభుత్వ సేవల పోర్టల్ ద్వారా ఇంటి నుంచే చేసుకోవచ్చు, రుసుము లేదు. ఫ్రెంచి పాస్‌పోర్టు లేదా గుర్తింపు కార్డు, ఒక ఫోటో, ఆ కాన్సులేటు పరిధిలోనే నివసిస్తున్నట్టు ఒక రుజువు ఉంటే చాలు. 18 ఏళ్లు దాటినవారు ఎవరికి వారే నమోదు కావాలి, మైనర్లు తల్లిదండ్రులతో కలిసి నమోదవుతారు. ఆపద సమయంలో ఎవరిని సంప్రదించాలో, అక్కడ ఒకరిని, ఫ్రాన్సులో ఒకరిని పేర్కొనమని ఫారం అడుగుతుంది. నమోదు గరిష్ఠంగా ఐదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి.

చిక్కంతా సాధారణంగా ఆ నివాస రుజువు దగ్గరే వస్తుంది. హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చిన ఒక ఫ్రెంచి ఇంజనీరు కుటుంబాన్ని ఊహించుకుంటే సంగతి తేటపడుతుంది. వారి ఫ్లాటుకు వచ్చే కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరు మీద, ఒక్కోసారి ఏనాడో ఆ ఫ్లాటు అమ్మేసిన పాత యజమాని పేరు మీద వస్తుంది. గ్యాసు కనెక్షనుదీ అదే కథ. ఇక మిగిలేది అద్దె ఒప్పందం, లేదా భారత ప్రభుత్వ విదేశీయుల నమోదు కార్యాలయం ఇచ్చే నివాస అనుమతి. ఆ అనుమతి కూడా ఉత్తినే రాదు. 180 రోజులకు మించిన వీసాపై వచ్చిన విదేశీయులు సాధారణంగా దేశంలో అడుగుపెట్టిన 14 రోజుల్లోగా ఆ కార్యాలయంలో నమోదు కావాలి, దానికి ముందు ఇంటి యజమాని తన ఇంట్లో విదేశీయులు దిగారని నిర్ణీత ఫారం ద్వారా తెలియజేసి ఉండాలి. ఫారమంటే భయపడే యజమాని వెనకాడితే భారతీయ నమోదు ఆగుతుంది, అది ఆగితే ఫ్రెంచి నమోదుకు కావలసిన రుజువూ ఆలస్యమవుతుంది. అంటే పారిస్‌లో తయారైన విధానం ఎంత నున్నగా ఉన్నా, అది నడిచే తీరు కూకట్‌పల్లిలోనో గచ్చిబౌలిలోనో ఒక ఇంటి యజమాని పెట్టే సంతకం మీద ఆధారపడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఫ్రెంచివారికి బెంగళూరులోని కాన్సులేట్ జనరల్ బాధ్యత వహిస్తుంది కనుక దూరం కూడా ఒక అంశమే.

ఈ రెండు నమోదులనూ కలగాపులగం చేసుకోవడం కొత్తగా వచ్చినవారిలో తరచుగా కనిపించే పొరపాటు. స్థానిక ప్రభుత్వం దగ్గర నమోదు ఆ దేశపు చట్టం ప్రకారం తప్పనిసరి, కాన్సులేటులో నమోదు ఫ్రెంచి చట్టం ప్రకారం ఐచ్ఛికం. వీసాలు అక్కరలేని ఐరోపా సమాఖ్య దేశాల్లోనూ చాలాచోట్ల స్థానిక నమోదు తప్పదు. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారాల్లోగా పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, బెల్జియంలోనూ కమ్యూను (స్థానిక పాలనా సంస్థ) కార్యాలయం గడప తొక్కక తప్పదు. అక్కడ స్థిరపడిన ఫ్రెంచివారిలో చాలామంది స్థానిక నమోదుతో పని అయిపోయిందనుకుని కాన్సులేటు సంగతి మరచిపోతారు.

నమోదు వల్ల ఏమి ఒరుగుతుందన్న ప్రశ్నకు జవాబులు అన్నీ ఒకే బరువు గలవి కావు. పాస్‌పోర్టు పునరుద్ధరణలో ప్రయోజనం స్వల్పమే: నమోదు లేనివారికీ పాస్‌పోర్టు ఇస్తారు, కాకపోతే కాగితాలు కాస్త ఎక్కువ అడుగుతారు. వేలిముద్రల కోసం కౌంటరు ముందుకు స్వయంగా వెళ్లడం, ఫ్రాన్సులో 86 యూరోలున్న పెద్దల పాస్‌పోర్టుకు కాన్సులేటులో 96 యూరోలు కట్టడం నమోదైనవారికీ కానివారికీ ఒకటే. పాఠశాలల విషయంలో మాత్రం రిజిస్టరు నిజంగా గీటురాయి. 1990లో ఏర్పడిన విదేశీ ఫ్రెంచి విద్యా సంస్థ పర్యవేక్షణలో ప్రపంచమంతటా సుమారు 600 పాఠశాలలు ఉన్నాయి, వాటి ఫీజులు సామాన్య కుటుంబాలకు మోయలేని భారం. కుటుంబ ఆదాయాన్ని బట్టి ప్రభుత్వం ఉపకార వేతనాలు ఇస్తుంది గానీ, పిల్లవాడి పేరు కాన్సులేటు రిజిస్టరులో లేకపోతే దరఖాస్తు పరిశీలనకే రాదు. వృద్ధులకూ వికలాంగులకూ ఇచ్చే సామాజిక సహాయానిదీ ఇదే నియమం.

భద్రత సంగతి మరొకటి. సంక్షోభం ముదిరే అవకాశమున్న ప్రాంతాల్లో కాన్సులేటు తన పరిధిని చిన్న చిన్న ‘ద్వీపాలు’గా విభజించి, ప్రతి ద్వీపానికీ అక్కడే నివసించే ఒక ఫ్రెంచి స్వచ్ఛంద సేవకుణ్ణి బాధ్యుడిగా పెడుతుంది. తన వీధుల్లో ఎందరు ఫ్రెంచివారున్నారో, పసిపిల్లలున్న ఇళ్లేవో, ఎక్కడ గుమిగూడాలో అతనికి తెలిసి ఉండాలి. ఆ జాబితా వచ్చేది రిజిస్టరు నుంచే. విహారానికి వచ్చే యాత్రికుల కోసం ‘ఆరియాన్’ అనే వేరే సేవ ఉంది. చిక్కుదారుల్లో దారం పట్టుకుని బయటపడిన గ్రీకు గాథ నుంచి ఆ పేరు తెచ్చుకున్నారు. అది ప్రయాణానికే గానీ కాపురానికి కాదు.

ఓటు హక్కు దగ్గరకు వచ్చేసరికి ఈ వ్యవస్థ తెలుగు పాఠకులకు కొంత ఆశ్చర్యం కలిగించక మానదు. విదేశాల్లోని ఫ్రెంచివారు అధ్యక్ష ఎన్నికలో ఓటు వేయడమే కాదు, తమకంటూ ప్రత్యేకంగా 11 మంది డిప్యూటీలను (సభ్యులను) పార్లమెంటు దిగువ సభ అయిన జాతీయ సభకు పంపుతారు. 2008లో జరిగిన రాజ్యాంగ సవరణ ఈ అవకాశం కల్పించగా, 2012లో తొలిసారి ఆ స్థానాలకు ఎన్నికలు జరిగాయి. రష్యా నుంచి ఆస్ట్రేలియా దాకా పరచుకున్న పదకొండో నియోజకవర్గంలో భారతదేశం కూడా ఉంది. వీరు గాక 12 మంది సెనేటర్లు, 2013 చట్టంతో ఏర్పడి 2014 నుంచి నేరుగా ఎన్నికవుతున్న కాన్సులేటు స్థాయి ప్రతినిధులు కూడా ఉన్నారు. భారతదేశం తన ప్రవాసులకు 2010 నాటి సవరణతో ఓటు హక్కు ఇచ్చింది గానీ, టెక్సస్‌లో ఉన్న గుంటూరు వాసి ఓటు వేయాలంటే విమానమెక్కి తన సొంత నియోజకవర్గపు పోలింగు కేంద్రానికే రావాలి. ప్రవాసం ఉన్న చోటనే ఒక నియోజకవర్గాన్ని సృష్టించడానికీ, ప్రవాసిని ఊరికి రమ్మనడానికీ మధ్య తేడా చిన్నది కాదు.

కాన్సులేటు రిజిస్టరులో నమోదైన వయోజనుడి పేరు, అతను వద్దంటే తప్ప, కాన్సులేటు ఓటర్ల జాబితాలోకి కూడా వెళుతుంది. ఓటర్ల జాబితాలో మాత్రమే విడిగా చేరే వీలూ ఉంది, కనుక రెండూ ఒకటే అనుకోవడం సరికాదు. ఒకప్పుడు ఒకే వ్యక్తి పేరు ఫ్రాన్సులోని తన ఊరి జాబితాలోనూ కాన్సులేటు జాబితాలోనూ ఉండే వీలుండేది. దాని ఫలితంగా స్వదేశానికి తిరిగివచ్చిన మనిషి పోలింగు నాడు ఊరి కేంద్రానికి వెళ్తే, పేరు పక్కన ‘విదేశంలో ఓటు వేస్తారు’ అన్న గుర్తు చూసి అధికారులు వెనక్కు పంపిన సందర్భాలు ఉండేవి. 2019 జనవరి 1 నుంచి జాతీయ గణాంక సంస్థ నిర్వహించే ఒకే ఎన్నికల రిజిస్టరు అమలులోకి వచ్చాక ఈ రెండు పడవల ప్రయాణం ఆగిపోయింది. జాతీయ సభ ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటు కూడా ఉంది, కానీ సైబర్ దాడుల భయంతో 2017లో దాన్ని నిలిపివేసి 2022లో మళ్లీ తెచ్చారు. అధ్యక్ష ఎన్నికకు మాత్రం నేటికీ స్వయంగానో, ప్రతినిధి ద్వారానో కేంద్రానికి వెళ్లవలసిందే.

జననం, వివాహం, మరణం వంటి ఘట్టాల్లో కాన్సులేటు పురపాలక కార్యాలయపు పాత్ర పోషిస్తుంది. ఫ్రెంచి తల్లికో తండ్రికో పుట్టిన బిడ్డ ఎక్కడ పుట్టినా ఫ్రెంచి పౌరురాలే, పౌరుడే. అయితే ఆ జననం ఫ్రెంచి పుస్తకాల్లోకి ఎక్కాలి. భారతదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో ముందు స్థానిక మున్సిపల్ రిజిస్టరులో జననం నమోదై, ఆ ధ్రువపత్రాన్ని కాన్సులేటు తన రిజిస్టరులోకి ఎక్కించుకుంటుంది. ఇక్కడ రెండు సంప్రదాయాలు తారసపడతాయి. ఫ్రాన్సులో పుట్టిన ఐదు రోజుల్లోగా బిడ్డ పేరుతో సహా జననాన్ని ప్రకటించాలి. మన దగ్గర బారసాల ఇరవై ఒకటో రోజున జరిగినా తప్పు లేదు, ఇంకా ఆలస్యమైనా అడిగేవారు లేరు. ఆసుపత్రి పంపిన వివరాలతో మున్సిపాలిటీ ఇచ్చే తొలి ధ్రువపత్రంలో ‘బిడ్డ పేరు’ అన్న గడి ఖాళీగా ఉండటం మామూలే. ఆ ఖాళీ గడితో కాన్సులేటుకు పోతే పని జరగదు. పేరు చేర్పించి, కొత్త ధ్రువపత్రం తెచ్చుకుని మళ్లీ వరుసలో నిలబడాలి.

వివాహానికి ఇంకొంత ముందుచూపు కావాలి. విదేశీ అధికారి ఎదుట పెళ్లి చేసుకోబోయే ఫ్రెంచి పౌరుడు ముందుగా కాన్సులేటు నుంచి వివాహ అర్హత పత్రం తీసుకోవాలని ఫ్రెంచి పౌర స్మృతి చెబుతోంది. దానికోసం పెళ్లి ప్రకటనను పది రోజులు బహిరంగంగా అతికిస్తారు, అవసరమనుకుంటే వధూవరులను పిలిచి మాట్లాడతారు. భారతదేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయితే ఇక్కడి 30 రోజుల నోటీసు దానికి అదనం. పెళ్లయ్యాక ఆ నమోదును ఫ్రెంచి రిజిస్టరులోకి ఎక్కించకపోతే వివాహం చెల్లకుండా పోదు గానీ, ఫ్రాన్సులో మూడో వ్యక్తుల (దంపతులు కాని ఇతరుల) విషయంలో దానికి బలం ఉండదు. జీవిత భాగస్వామి వీసాకు వెళ్లినప్పుడు ఈ తేడా అనుభవంలోకి వస్తుంది. విదేశాల్లో నమోదైన ఇలాంటి ఘట్టాల ప్రతులన్నీ చివరికి చేరేది పశ్చిమ ఫ్రాన్సులోని నాంత్ నగరానికి. 1965లో అక్కడ ఏర్పాటైన కేంద్ర పౌర నమోదు కార్యాలయం మాజీ వలస ప్రాంతాల రికార్డులను కూడా భద్రపరుస్తోంది.

మాజీ వలసల ప్రస్తావన వచ్చింది కనుక తెలుగు నేలకు ఈ వ్యవహారంతో ఉన్న అసలు సంబంధం చెప్పుకోవాలి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. ఆ ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలన భారతదేశం చేతికి వచ్చింది. విలీన ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగాయి, అది చట్టబద్ధంగా అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. అక్కడే పుట్టి అక్కడే ఉంటున్నవారు ఆ రోజుతో భారత పౌరులయ్యారు. అయితే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ప్రకటిస్తే ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవచ్చని ఒప్పందం వెసులుబాటు ఇచ్చింది. ఎందరో ఆ అవకాశాన్ని వాడుకోలేదు, తెలిసీ తెలియక వదులుకున్నవారూ ఉన్నారు. వాడుకున్న వారి సంతతి నేటికీ పుదుచ్చేరిలోని కాన్సులేట్ జనరల్‌లో నమోదై ఉంది. ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నిక వచ్చినప్పుడల్లా పుదుచ్చేరి, కారైకాల్, చెన్నైలలో పోలింగు కేంద్రాలు తెరుస్తారు. ప్యారిస్ ఎన్నడూ చూడని వృద్ధులు ప్యారిస్ పాలకుణ్ణి ఎన్నుకునే అరుదైన దృశ్యం అది.

ఇలాంటి కుటుంబాలకు కాన్సులేటు నమోదు సౌకర్యం స్థాయిని దాటి సాక్ష్యంగా మారుతుంది. పూర్వీకులు అర్ధ శతాబ్దానికి మించి విదేశంలోనే ఉండిపోయి, సంతతి గానీ వారి తల్లిదండ్రులు గానీ ఫ్రెంచివారిగా ఎన్నడూ మెలగకపోతే, వంశపారంపర్యంగా పౌరసత్వం వచ్చిందని నిరూపించుకునే దారినే ఫ్రెంచి పౌర స్మృతిలోని 30-3 అధికరణ మూసివేస్తుంది. ఫ్రెంచివారిగా మెలగడం అంటే ఏమిటి? భాష మాట్లాడటమో పండుగ చేసుకోవడమో కాదు. పాస్‌పోర్టు తీసుకోవడం, ఓటు వేయడం, కాన్సులేటు రిజిస్టరులో పేరు ఉండటం వంటి జాడలు. ఎవరూ అడగని నమోదును తాత ఉదాసీనంగా వదిలేస్తే, ఆ ఉదాసీనతే మనవడి మీద రుజువుగా నిలబడే పరిస్థితి ఇది. ఐచ్ఛికమని చెబుతూనే దాని లేమిని ఇంత ఖరీదుగా లెక్కగట్టడం న్యాయమేనా అన్న సందేహం సహజం. చట్టం ఆ సందేహాన్ని పట్టించుకోదు.

పేర్ల సమస్య కూడా ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనదే. 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తర్వు ప్రకారం తమ సొంత కుల, మత ఆచార చట్టాలను వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి వచ్చిన భారతీయులు వంశనామం ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. తండ్రి పేరునే ముందక్షరంగా వాడే తమిళ సంప్రదాయంలో అది కొత్తగా కల్పించుకోవలసిన పేరు, తెలుగువారికి ఇంటిపేరు ముందునుంచే ఉంది. కానీ మనం ఇంటిపేరును ముందు పెడతాం, పొడి అక్షరంగా కుదిస్తాం. ఆధార్‌లో ఒక వరుస, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో వరుస ఉండటం మనకు వింత కాదు. వంశనామానికీ వ్యక్తినామానికీ వేర్వేరు గడులున్న ఫ్రెంచి ఫారం ముందు ఆ తేడా ప్రతిదీ ఒక వివరణ పత్రం కోరుతుంది.

కాన్సులేటు చేయలేని పనులు కూడా ఉన్నాయి, వాటిని దాని ఖాతాలో వేయడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి. వాటిలో మొదటిది పన్ను. రిజిస్టరులో పేరు ఎక్కినంత మాత్రాన ఎవరూ పన్నుల దృష్టిలో ప్రవాసి అయిపోరు. కుటుంబం ఎక్కడ ఉంది, ప్రధాన వృత్తి ఎక్కడ, ఆర్థిక ప్రయోజనాల కేంద్రం ఎక్కడ అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఫ్రెంచి పన్ను స్మృతిలోని 4 బి అధికరణ నివాసాన్ని నిర్ణయిస్తుంది. భార్యాపిల్లలను లియోన్‌లో ఉంచి తానొక్కడే హైదరాబాదులో ఉద్యోగం చేసే మనిషి కాన్సులేటు నమోదు పత్రం చూపించి ఫ్రెంచి పన్ను తప్పించుకోలేడు. రెండు దేశాలూ నివాసి అంటే 1992 నాటి భారత–ఫ్రాన్సు పన్ను ఒప్పందం చూసుకోవాలి. నిజంగా ప్రవాసి అయినవారి ఫైలు నొయిజీ-ల-గ్రాఁలో ఉన్న ప్రవాసుల పన్ను కార్యాలయానికి బదిలీ అవుతుంది. ఫ్రాన్సులో అద్దె వంటి ఆదాయం ఉంటే దానిపై సాధారణంగా కనీసం 20 శాతం, ఒక పరిమితి దాటాక 30 శాతం పన్ను పడుతుంది.

రెండోది ఆరోగ్య బీమా. దేశం విడిచి స్థిరపడ్డాక ఫ్రాన్సులో వాడిన ‘విటాల్’ ఆరోగ్య బీమా కార్డు పనికిరాదు. యజమాని తాత్కాలికంగా పంపిన ఉద్యోగి మాత్రం ఒప్పందాలున్న చోట ఫ్రెంచి సామాజిక భద్రతలోనే కొనసాగవచ్చు. 2011 జులైలో అమలులోకి వచ్చిన భారత–ఫ్రాన్సు ఒప్పందం ఈ వెసులుబాటును ఐదేళ్ల వరకు ఇస్తోంది. స్థానిక ఒప్పందంపై పనిచేసేవారు రూబెల్‌లోని విదేశాల ఫ్రెంచివారి బీమా నిధిలో స్వచ్ఛందంగా చేరవచ్చు. అది కూడా ఐచ్ఛికమే, చందా కట్టవలసిందీ వారే.

పింఛనుదారులకు ఏటా ఎదురయ్యేది జీవన ధ్రువపత్రం. నవంబరు రాగానే బ్యాంకు ముందు బారులు తీరే మన విశ్రాంత ఉద్యోగులకు ఇది బాగా తెలిసిన తంతు. పంపవలసిన గడువు దాటితే పింఛను ఆగిపోతుంది. ఫ్రెంచి పింఛను నిధులూ మన జీవన్ ప్రమాణ్ తరహాలోనే ముఖ గుర్తింపు యాప్ వైపు మళ్లుతున్నాయి.

తిరుగు ప్రయాణంలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. ఫ్రాన్సులో ఊరి పురపాలక కార్యాలయానికి వెళ్లి ఓటరుగా చేరితే కాన్సులేటు ఓటర్ల జాబితా నుంచి పేరు దానంతట అదే తొలగుతుంది. ఆరోగ్య హక్కు సాధారణంగా మూడు నెలల స్థిర నివాసం తర్వాత తిరిగి వస్తుంది. కాన్సులేటు రిజిస్టరులో పేరు మాత్రం వెళ్లిపోతున్నామని ఎవరూ చెప్పకపోతే ఐదేళ్ల గడువు దాకా అలాగే ఉండిపోతుంది. ఈలోపు నగరంలో ఏదైనా ఉపద్రవం వస్తే, ఆ వీధికి బాధ్యుడైన స్వచ్ఛంద సేవకుడు తన జాబితాలోని నంబర్లన్నిటికీ వరుసగా ఫోన్ చేస్తూ, ఎప్పుడో వెళ్లిపోయిన కుటుంబం దగ్గరకు వచ్చి ఆగుతాడు. జవాబు రాని ఆ ఇంటి పేరు పక్కన ‘ఆచూకీ తెలియదు’ అని రాసుకుంటాడు.